కాదనువారు కారణము చెప్పవలదా?

మేము ముప్పదియైదేండ్లు గుమాస్తా పని చేసి విశ్రాంతి గైకొన్నవారము. మెట్రిక్యులేషనుతోనే చదువు చాలించితిమి. కంప్యూటరు విద్యలో మాకు ప్రవేశము లేదు. కాని కాగితమును త్రిప్పి పంపు పద్ధతి మాత్రము మాకు బాగుగా తెలియును. ట్రెజరీకి పంపిన బిల్లు చెల్లనిచో వారు దానిని ఊరక త్రిప్పి పంపరు. వోచరు లేదనియో, సంతకము తప్పినదనియో, పద్దు మారినదనియో అభ్యంతరమును వ్రాసి పంపుదురు. దానిని సవరించి మేము మరల సమర్పించెడివారము. ఇరువది రూపాయల బిల్లునకు జరుగు ఈ మర్యాద, నాలుగేండ్లు ఇంజనీరింగు చదివి ఇంటర్వ్యూకు వచ్చిన పిల్లవానికి జరుగకుండుట న్యాయమేనా? ఇదియే మా ప్రశ్న.

ఈ కొరాపుట్, రాయగడ సీమలు 1936 వరకు మద్రాసు రాజధానిలోనివి. ఆ యేట ఒడిశాలో చేరినవి. ఇచటి మన పిల్లలకు ఇంట తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషు. సునాబెడలో విమాన ఇంజనుల కర్మాగారము, దామన్‌జోడిలో నాల్కో ఉన్నవి గాని సాఫ్ట్‌వేరు కొలువులు ఇచట అరుదు. కావున పిల్లలు సుంకి ఘాటు దిగి, సాలూరు మీదుగా విశాఖపట్టణమునకో, అచటనుండి హైదరాబాదునకో పోవలసినదే.

జయపురములో పెరిగిన మా తమ్ముని కుమారుడు అట్లే పోయెను. అయిదు చోట్ల ఇంటర్వ్యూలకు హాజరయ్యెను. మూడు చోట్లనుండి ఈ-మెయిలులో రెండేసి పంక్తులు వచ్చినవి: మీ ఆసక్తికి కృతజ్ఞతలు, ఇతరులను ఎంపిక చేసితిమి అని. ఆ మెయిలునకు జవాబు వ్రాయుటకును వీలు లేదు. తక్కిన రెండు చోట్లనుండి ఆ పాటి కబురైనను లేదు. పెండ్లిచూపులకు వచ్చి పోయినవారు జాతకములు కుదరలేదని చెప్పి పంపుట మన మెరుగుదుము. అదియు ఒక సాకే, అయినను ఒక మాట. ఇచట ఆ సాకునకును కరవు వచ్చినది.

“నా ఇంగ్లీషే బాగోలేదు పెదనాన్నా” అని వాడు తనకు తానే తీర్పు చెప్పుకొనెను. విశాఖలో గది అద్దెకు తీసికొని, రుసుము చెల్లించి, ఒక సంవత్సరము ఇంగ్లీషు సంభాషణ నేర్చెను. ఆరవ చోటను కాదనిరి. కాని అచట పరీక్షించిన పెద్దమనిషి ఫోనులో అయిదు నిమిషములు మాటలాడెను. “నీ ఇంగ్లీషుకేం లోటు లేదు బాబూ. ప్రశ్న వినగానే కోడ్ వ్రాయడం మొదలుపెట్టావు. జాబితా ఖాళీగా ఉంటే ఏమవుతుందో చూడలేదు. లక్ష అంకెలు ఇస్తే ఎంతసేపు పడుతుందో ఆలోచించలేదు. మనసులో ఏమనుకుంటున్నావో పైకి చెప్పలేదు” అనెను. అంతే. తరువాత మూడు నెలలు ఆ లోపములనే దిద్దుకొనెను. ఎనిమిదవ చోట కొలువు దొరకెను. ఆ మాటల వలననే దొరకెనని మేము సాధింపబోము. కాని లేని జబ్బునకు మందు తినుచు పోగొట్టుకొన్న ఆ సంవత్సరమును ఎవరు తిరిగి యిత్తురు?

ప్రభుత్వ కార్యాలయములకు ఈ విషయమున చట్టము కలదు. 2005 నాటి సమాచార హక్కు చట్టములోని నాలుగవ సెక్షను, పరిపాలనా నిర్ణయములకు కారణములను బాధితులకు తెలుపవలెనని చెప్పుచున్నది. పరీక్ష వ్రాసినవానికి దిద్దిన తన జవాబు పత్రమును చూచుకొను హక్కు కలదని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ప్రైవేటు కంపెనీలకు ఈ సమాచార హక్కు చట్టము నేరుగా వర్తింపదు. అయినను లోకము ఎటు నడచుచున్నదో చూడుడు. అకౌంటెన్సీ పరీక్షలో తప్పిన నోవాక్ అను ఐర్లండువాని వ్యాజ్యములో, 2017లో ఐరోపా న్యాయస్థానము, అభ్యర్థి వ్రాసిన జవాబులే గాక వాటిపై పరీక్షకుడు వ్రాసిన వ్యాఖ్యలును ఆ అభ్యర్థి వ్యక్తిగత సమాచారమేయని తేల్చినది.

కంపెనీల పక్షమువారు మూడు సాకులు చెప్పుదురు. వేలమందికి ఎట్లు వ్రాయగలమందురు. దరఖాస్తు పెట్టిన ప్రతివానికిని వ్రాయుడని మే మడుగలేదు. ఎదుట కూర్చుండబెట్టి గంటసేపు ప్రశ్నించినవానికి వ్రాయుడు. పరీక్షకులు మార్కులో అభిప్రాయములో ఎక్కడనో వ్రాసియే యుందురు గదా. అందు మూడు పంక్తులు ఎత్తి పంపుటకు ఎంత సేపు పట్టును? కారణము చెప్పినచో కోర్టు కీడ్తురందురు. కోర్టులో నిలువని కారణముతో మనిషిని కాదనుటయే తప్పు. నిలుచు కారణమునకు భయమెందులకు? కుర్రవాండ్రు వాదమునకు దిగుదురందురు. ఇది కొంత నిజము, దాచనేల?

కావున మన పిల్లలకును ఒక మాట. ఇంటర్వ్యూ ముగిసి బయటికి వచ్చిన వెంటనే అడిగిన ప్రశ్నలన్నియు ఒక కాగితముపై వ్రాసికొనుడు. కాదన్న కబురు వచ్చిన ఒకటి రెండు దినములలో మర్యాదగా వ్రాయుడు. “నన్నేల తీసికొనలేదు?” అని కాదు, “నేను ఏ రెండు విషయములలో మెరుగుపడవలెను?” అని అడుగుడు. జవాబు వచ్చినచో కృతజ్ఞతలు చెప్పి ఊరకుండుడు, వాదింపకుడు. రానిచో మీ లోపమును మీరే కల్పించుకొనకుడు. ఆ పని చేయుచున్న మనవారి నెవరినైన వెదకి, వారి యెదుట మరల పరీక్ష నిచ్చి చూచుకొనుడు. విశాఖలోను, హైదరాబాదులోను స్థిరపడిన మన సీమ యువకులు నెలకొక గంట ఇందుకు కేటాయించినచో, ఏటేట మనము సన్మానములలో కప్పు శాలువలకంటె అది మేలు.

ఇతరుల నని మనలను విడుచుట ధర్మము గాదు. మన సంఘము పిల్లలకు వ్యాసరచన, పద్యపఠన పోటీలు జరిపినప్పుడు గెలిచినవారి పేర్లు చదివి దిగిపోవుదుము గదా! ఓడిన పిల్లవానిని పిలిచి, “నాయనా, ఇచట పదము విరిచితివి, ఇచట గొంతు తగ్గినది” అని చెప్పినవారము ఎందరము? ఈ యేటి పోటీలనుండియైన ఆ పని ప్రారంభింతము. కాదనుటకు అధికారము గలవానికి కారణము చెప్పు బాధ్యతయు కలదు. ఇది గుమాస్తాలకు తెలిసిన ధర్మము, దొరలకును తెలియవలెను.