ఉగాదికి అందరికీ ఒకే రంగు చీర ఎందుకు?



పోయిన వారం కమిటీ నుంచి అందరి ఫోన్లకూ ఒక కాగితం వచ్చింది. ఉగాది పొద్దు మన ఆడవాళ్ళందరూ ఒకే చీర కట్టాలట. లేత లావెండర్ రంగు ఆర్గంజా, మనిషికి 1,150 రూపాయలు. దాని కింద 'ఒంటికీ రంగుకూ తగిన ముస్తాబు' అని కొన్ని సూచనలు. నలుపున్నవాళ్ళు కొట్టొచ్చే రంగులు కట్టకూడదు, లేత రంగులతో సర్దుకోవాలి. లావున్నవాళ్ళు జరీ జోలికి పోకూడదు. ఇట్లా ఉంది వరస.

మేము అనేది ఇక్కడ ఇద్దరం. ఒకరు రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తా పని చేసి రిటైరైనవారు. ఇంకొకరు అదే ముప్పై ఏళ్ళుగా మదురైలో మా వీధి ఆడవాళ్ళకు జాకెట్లు కుడుతున్నవారు. ఒకరు చెప్తుంటే ఒకరం రాస్తున్నాం. చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు నలభై దాటినాక నేర్చుకున్నాం. తప్పులుంటే దిద్దండి, విషయం మాత్రం పక్కన పెట్టకండి. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని మమ్మల్ని అంటారనీ తెలుసు. అననీయండి.

మొదట ఆ చీర సంగతి. కమిటీవాళ్ళు దాన్ని అంగట్లో ట్యూబులైటు కింద చూసి, ఫోన్లో ఫోటో తీసి ఎంచుకున్నారు. చీర ఎంచే పద్ధతి అది కాదు. మా ఇంట్లో ఆవిడ ఎవరితో అంగడికి పోయినా చీరను మడత విప్పించి గడప దాటి ఎండ వెలుతురులోకి తెస్తుంది. చేతి మీద వేసి చూడదు, మెడ కింద, గడ్డానికి ఆనించి చూస్తుంది. చూడాల్సింది చీరను కాదు, ముఖాన్ని. రంగు తగిలితే ముఖం నిద్ర లేచినట్టు తేరుకుంటుంది. తగలకపోతే కంటి కింద నీడలు ముందుకొస్తాయి, చర్మం మీద బూడిద తేలినట్టు ఉంటుంది. అంతే పరీక్ష. దీనికి పది సూచనలు అక్కరలేదు.

ఆ పరీక్షకు ఈ లావెండర్‌ను పెట్టి చూడండి. బూడిద కలిసిన లేత రంగు అది. నల్లటి ముఖం పక్కన పెడితే ముఖంలో ఉన్న మెరుపును తాగేస్తుంది. పోనీ తెల్లటివాళ్ళకైనా బాగుంటుందా అంటే, చాలామందికి ముఖమూ చీరా ఒకటే అయిపోయి జ్వరం పడి లేచినట్టు కనిపిస్తారు. నల్లనివాళ్ళు లేత రంగు కట్టకూడదని మేము చెప్పడం లేదు. పాలతెలుపు, వెన్న రంగు, నిమ్మపండు పసుపు నల్లటి ఒంటిమీద ఎంత అందమో చూసినవాళ్ళకు తెలుసు. అవి తేటగా ఉంటాయి కాబట్టి నిలుస్తాయి. చిక్కంతా మసకబారిన లేత రంగులతోనే. కమిటీ ఏరి ఏరి అదే తెచ్చింది.

ఇక కొట్టొచ్చే రంగులు వద్దన్న మాట. ఇది రాసినవాళ్ళు మన నేతగాళ్ళ మగ్గం ఎప్పుడూ చూసినట్టు లేదు. అరక్కు, అంటే లక్క ఎరుపు. మామిడిపండు పసుపు, చిలకపచ్చ, నేరేడుపండు రంగు, నెమలికంఠం. నెమలికంఠంలో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు, అందుకే నడిచేటప్పుడు నీలం పచ్చగా, పచ్చ నీలంగా మారుతుంది. కంచి పట్టులో కొర్వై అంచు చూడండి, ఒంటికీ అంచుకూ వేరు వేరు నాడెలు వాడి రెండింటినీ కొక్కెం వేసినట్టు కలిపి నేస్తారు. ఆవపసుపు ఒంటికి కుంకుమ అంచు, ఆకుపచ్చకు అరక్కు అంచు. ఇంత గట్టిగా రంగుకు రంగు ఎదురు నిలబెట్టడం ఈ ఎండల దేశానికి, ఈ చర్మాలకు సరిపోయింది కాబట్టే నిలిచింది. కంచిలో మగ్గం ముందు కూర్చున్నవాళ్ళలో పద్మశాలీలు, దేవాంగులు ఉన్నారు, ఆ ఇళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఈరోజుకీ ఉన్నారు. మనవాళ్ళు నేసిన రంగులు మన పిల్లలకు పనికిరావని మన సంఘమే కాగితం వేస్తుంది!

మన మదురైలో పుట్టిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి పేరు మీద ఒక నీలమే ఉంది. కంచి ముత్తు చెట్టియార్ ఆమె కోసం నేయించిన ఆ ముదురు నీలాన్ని ఇప్పటికీ అంగళ్ళలో 'ఎం.ఎస్. బ్లూ' అనే అడుగుతారు. ముదురు రంగు వద్దని ఆవిడకు ఎవరూ సూచనల కాగితం ఇవ్వలేదు కాబోలు. మీనాక్షమ్మను మరకతవల్లి అంటాం, శ్యామల అంటాం. ఆ తల్లికి ఎర్రపట్టు కడితే కళ్ళకద్దుకుంటాం. ఇంట్లో పిల్ల అదే ఎరుపు కడితే 'నీకెందుకమ్మా ఆ రంగు' అంటాం.

ఒంటి తీరు సంగతికి వస్తే కమిటీ కాగితం ఇంకా అధ్వాన్నం. లావున్నవాళ్ళకు జరీ వద్దని చెప్పినవాళ్ళు అందరికీ ఆర్గంజా తెచ్చారు! ఆర్గంజా ఒంటిని పట్టుకోదు, గొడుగులా విచ్చుకుంటుంది. కాస్త ఒళ్ళున్నవాళ్ళకు అదే ఎక్కువ లావు చూపిస్తుంది. జరీ ఏం చేసింది పాపం? మెత్తగా కిందికి జారే పట్టునూలు చీరకు సన్నంచు జరీ ఉంటే ఎంత ఒళ్ళున్నా హుందాగా ఉంటుంది. బక్కపలచని పిల్లలకు గట్టి నూలు మంచిది. కారైకుడి కందాంగిలాంటిది, పెద్ద గళ్ళు, బరువైన బట్ట. వాళ్ళకు అది ఒక నిండుదనం ఇస్తుంది. పొట్టిగా ఉన్నవాళ్ళకు జానెడు అంచు పెడితే సగం మనిషి అంచులోనే పోతుంది, రెండు వేళ్ళ అంచు చాలు, అది కూడా ఒంటి రంగులోనే ఉంటే మనిషి నిలువుగా కనిపిస్తుంది. చీర పొడవు అందరికీ అదే ఐదున్నర మీటర్లు. నడుము చుట్టు పెద్దదైతే కుచ్చిళ్ళు తగ్గుతాయి. తగ్గితే తగ్గనీ, నాలుగు కుచ్చిళ్ళు వెడల్పుగా, తిన్నగా పెట్టుకుంటే ఏడు ఇరుకు కుచ్చిళ్ళకంటే బాగుంటాయి.

అసలు చీరకంటే ముందు చూడాల్సింది జాకెట్టు. దీని గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. భుజం కుట్టు భుజం ఎముక మీద పడాలి, కిందికి జారితే మనిషే వాలిపోయినట్టు ఉంటుంది. చంక దగ్గర బిగిస్తే చెయ్యెత్తిన ప్రతిసారీ రవిక పైకి లేస్తుంది. చేతి పొడవు ఎక్కడ ఆగితే చూపు అక్కడ ఆగుతుంది. కాబట్టి చెయ్యి బాగా లావుగా ఉన్నచోట ఆపకూడదు. దానికి కాస్త పైన గానీ, మోచేతి దగ్గర గానీ ఆపాలి. మా ఆవిడ దగ్గరకు వచ్చేవాళ్ళలో సగంమంది 'నాకు ఏ చీరా నప్పదు అక్కా' అంటూ వస్తారు. కొలత సరిగ్గా తీసుకుని కుట్టిస్తే అదే చీర నప్పుతుంది.

ఈ మాట రైల్వేలో మేమూ కళ్ళారా చూశాం. ఆ రోజుల్లో యూనిఫారం బట్ట తానుల్లో వచ్చేది. పంచడం, సంతకాలు తీసుకోవడం గుమాస్తాల పని. అందరికీ ఒకే బట్ట, ఒకే రంగు. ఆరడుగుల గ్యాంగ్‌మన్‌కూ అదే, కుండలాంటి పొట్టున్న వంటాయనకూ అదే. నెల తిరిగేసరికి ఒకరు ఆఫీసరులా వచ్చేవారు, ఒకరు అరువు చొక్కా తొడిగినట్టు వచ్చేవారు. తేడా బట్టలో లేదు, దర్జీలో ఉంది. కానీ అది ఉద్యోగం. జీతం ఇచ్చి ఒకే బట్ట వేసుకోమన్నారు. ఉగాది పండగకు వచ్చే ఆడవాళ్ళకు మనం ఏం జీతం ఇస్తున్నాం?

ఇంకొకటి. మగవాళ్ళకు ఆ కాగితంలో ఒక్క సూచన కూడా లేదు. పొట్ట మీద బొత్తాలు పిగిలే చొక్కాలతో వేదిక మీద వరసగా కూర్చునేది మేమే కదా. పంచె ఎక్కడ కట్టాలో, పొట్ట పైనా కిందా అనే చర్చ ఏ కమిటీ మీటింగులోనూ రాలేదు.

ఇప్పుడు మమ్మల్ని ఇంత పొడుగు రాయించిన సంగతి చెప్తాం. పోయిన ఉగాదికి మా అన్నయ్యగారి మనవరాలు వచ్చింది. పన్నెండో క్లాసు పిల్ల, మంచి నలుపు, మంచి ఎత్తు. వాళ్ళ అవ్వ చీర కట్టుకుంది, ఆవపసుపుకు అరక్కు అంచు. హాల్లో అడుగు పెడితే నలుగురు తిరిగి చూశారు. గ్రూపు ఫోటో దగ్గర మధ్యలో నిలబడింది. ఒక పెద్దాయన, పేరు అక్కరలేదు, 'పాపా, నువ్వు ఆ చివరకు పో, ఇక్కడ లైటు సరిపోవడం లేదు' అన్నారు. ఆయన మనసులో చెడు లేదనే మా నమ్మకం. పిల్ల నవ్వి, చివరకు పోయింది. మేమిద్దరం అక్కడే ఉన్నాం. నోరు తెరవలేదు. ఆ తప్పు మాది.

ఆ పిల్ల ఆ తరవాత ఎండాకాలం తెలుగు క్లాసుకు రాలేదు. సంక్రాంతికీ రాలేదు. ఇంట్లో అవ్వ తెలుగులో అడిగితే తమిళంలో జవాబు చెప్తుంది. మన పిల్లలకు బడిలో తెలుగు లేదు, వీధిలో లేదు, సినిమాలో ఉంటే ఉంది. ఇంటి బయట నలుగురు తెలుగు మాట్లాడేది వినే చోటు ఈ హాలు ఒక్కటే. అక్కడికి వస్తే రంగు లెక్క కడతారని తెలిసినాక ఎందుకు వస్తారు? పిల్లలు రావడం లేదు, భాష పోతోంది అని ప్రతి మీటింగులో బాధపడుతున్నాం కదా. పోవడానికి మనం తెరిచిన తలుపు ఇదీ ఒకటి.

ఇదంతా ఎక్కడ మొదలవుతుందో కూడా మాకు తెలుసు. మన వివాహ పరిచయ వేదిక ఫారం తీసి చూడండి. గోత్రం, నక్షత్రం, చదువు, తరవాత 'రంగు' అని ఒక గడి. ఎరుపు, చామనఛాయ, నలుపు, ఒకటి టిక్కు పెట్టాలి. ఎరుపట! తెలుగులో తెల్లగా ఉన్నవాళ్ళను ఎర్రగా ఉన్నారంటాం, తమిళంలోనూ 'సివప్పు' అంటారు. ఆ గడి నింపేటప్పుడు ఎంతమంది తల్లులు పెన్ను పట్టుకుని ఒక్క క్షణం ఆగిపోయి, చామనఛాయ దగ్గర టిక్కు పెట్టారో ఫారాలు సర్దిన మాకు తెలుసు. 2020లో ముఖానికి పూసే క్రీము అమ్మే కంపెనీయే ఆ క్రీము పేరులోంచి 'ఫెయిర్' అన్న మాట తీసేసింది. అదే ఏడాది శాదీ డాట్ కామ్‌వాళ్ళు రంగు చూసి ఏరుకునే వసతి తీసేశారు. డబ్బు కోసం వ్యాపారం చేసేవాళ్ళకే సిగ్గు వేసింది. సేవ చేస్తున్నామని చెప్పుకునే మన ఫారంలో ఆ గడి ఇంకా ఉంది.

ఒకే చీర కడితే ఐకమత్యంగా ఉంటుంది, పేదా గొప్పా తేడా తెలియదు అని కొందరు అంటున్నారు. పేదా గొప్పా మాట నిజమే, దాన్ని మేము తేలిగ్గా కొట్టెయ్యం. కానీ 1,150 రూపాయలు అందరికీ ఒకటే కాదు. ఇంటికి ముగ్గురు ఆడవాళ్ళుంటే 3,450. ఇంట్లో ఉన్న నూలు చీర కట్టుకుని రావచ్చు అంటే వచ్చేవాళ్ళు, ఈ లెక్క చూసి ఆగిపోతారు. తేడా తెలియకూడదంటే 'పట్టు వద్దు, నూలు చీర, ఎవరికి నచ్చిన రంగు వాళ్ళు' అనండి. సరిపోతుంది.

వచ్చే ఆదివారం మీటింగుకు మేము రెండు అర్జీలు రాసి కార్యదర్శిగారి చేతికి ఇస్తాం. ఒకటి, ఒకే చీర తీర్మానం రద్దు చేసి ఆ సూచనల కాగితం వెనక్కి తీసుకోవాలి. రెండు, వివాహ ఫారంలో రంగు గడి కొట్టేయాలి. మాతో సంతకం పెట్టేవాళ్ళు శనివారం సాయంత్రంలోగా చెప్పండి, ఇంటికే వచ్చి తీసుకుంటాం.

చీర కోసం మేము కట్టిన 1,150 తిరిగి ఇవ్వక్కరలేదు. దానితో పిల్లలకు పెద్దబాలశిక్షలు కొనండి. మా ఆవిడ ఉగాదికి 1989 బోనసుతో కొన్న అరక్కు చీర కట్టుకుని వస్తుంది. అన్నయ్యగారి మనవరాలిని రమ్మని అడగడానికి రేపు పోతున్నాం. వస్తే ఈసారి ఫోటోలో మధ్యలో నిలబడుతుంది, లైటు సంగతి ఫోటోగ్రాఫరు చూసుకుంటాడు.