ఫైల్లో ఆమె ఎక్కడ?

కిందటేడు వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం, బాలాపూర్ వైపు గుడిసెల్లో ఉండే ఒక రోహింగ్యా స్త్రీ చంకలో బిడ్డనెత్తుకుని మా ఆఫీసుకి వచ్చింది. పెదవి చిట్లి ఉంది. భర్త కొట్టాడు. ఆమెదీ పిల్లలదీ శరణార్థి కార్డులు లాక్కుని, "ఇవి లేకుండా బయట అడుగు పెట్టు, పోలీసులే చూసుకుంటారు" అన్నాడు. ఆమెకు ఉర్దూ కొద్దిగా వచ్చు. నేను బీరువాలోంచి వాళ్ల ఫైల్ తీశాను. పైన భర్త పేరు. లోపల ఆయన చెప్పిన కథ: తగలబడిన ఊరు, దాటిన నది, బంగ్లాదేశ్, కలకత్తా, ఇక్కడికి రాక. ఆమె గురించి ఒక్కటే గడి ఉంది. అందులో "భార్య, గృహిణి" అని రాసి ఉంది. ఆమె చదువుకోలేదు. కాగితాల వంక చూసి, "ఆపా, ఇందులో నేను ఎక్కడున్నాను?" అని అడిగింది. వేలు పెట్టి ఆ గడి చూపించాను. ఆమె ఇంకేమీ అడగలేదు.

ఆ ఫారం తయారు చేసింది నేనే. నేను లాయర్ని కాను. సామాజికశాస్త్రంలో పరిశోధన చేసినదాన్ని. కొన్నేళ్లుగా శరణార్థులకూ వలస కార్మికులకూ ఉచిత న్యాయ సహాయం అందించే ఒక చిన్న కార్యక్రమం బాధ్యత చూస్తున్నాను. ఫీజు తీసుకోకుండా వచ్చే లాయర్లు కొందరు, లా చదివే పిల్లలు కొందరు, మాట మార్చి చెప్పే దుబాసీలు ఇద్దరు. కుటుంబంలో పితృస్వామ్యం గురించి తరగతి గదుల్లో ఇన్నేళ్లు మాట్లాడిన నేను, ఫారంలో మొదటి గడిగా "కుటుంబ పెద్ద" అని పెట్టాను. పని తొందరగా అవుతుందని పెట్టాను. రేషన్ కార్డులోనూ జనాభా లెక్కల్లోనూ ఉన్నదే కదా అనుకున్నాను. ఆ అలవాటు ఎవరి మాటని చెరిపేస్తుందో అప్పుడు ఆలోచించలేదు.

ఇలాంటి కార్యక్రమం ఏం చేస్తుందో కొంచెం చెప్పాలి. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద గానీ, 1967 నాటి ప్రోటోకాల్ మీద గానీ భారతదేశం సంతకం చేయలేదు. మనకి శరణార్థుల చట్టమంటూ లేదు. మొన్నటి దాకా 1946 నాటి విదేశీయుల చట్టం ఉండేది. 2025 సెప్టెంబర్ నుంచి దాని స్థానంలో కొత్త ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం అమలవుతోంది. శరణార్థి అనే మాటకి అందులోనూ చోటు లేదు. పాస్‌పోర్టూ వీసా లేకుండా వస్తే అయిదేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. తాను విదేశీయురాలిని కానని రుజువు చేసుకోవలసిన భారం పాత చట్టంలో లాగే ఆ మనిషి మీదే. బర్మాలో 1982 నాటి పౌరసత్వ చట్టం రోహింగ్యాలని పరాయివాళ్లని చేసింది. అక్కడ పౌరులు కారు, ఇక్కడ శరణార్థులు కారు. ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కార్డొక్కటే చేతిలో ఉండేది. కనుక మా లాయర్ల పనంతా ఎవరినీ నిర్బంధంలో పెట్టకుండా, వెనక్కి పంపకుండా చూడడం, బెయిల్ తేవడం. ఈ పని తప్పనిసరి. అయితే ఈ పని చేసేటప్పుడు కుటుంబం మొత్తాన్ని ఒక ముద్దగా చూస్తాం. ఆ ముద్దకి మాట్లాడే నోరు మగవాడిది.

ఆ స్త్రీ భర్త మీద ఫిర్యాదు చేస్తానంది. మాతో పని చేసే ఒక సీనియర్ లాయరు, ఎంతో మంచి మనిషి, వద్దన్నారు. "ఇప్పుడు కేసు పెడితే వాణ్ణి లోపలేస్తారు. బెయిల్ వచ్చినా డిటెన్షన్‌కి పంపుతారు. బస్తీ మొత్తానికి చెడ్డపేరు వస్తుంది. కొంచెం ఆగమనండి" అన్నారు. బస్తీ పెద్దలదీ అదే మాట. మా దుబాసీ ఆ భర్తకి దూరపు బంధువని తర్వాత తెలిసింది. అతను ఆమె మాటల్లో ఏవి మాకు చెప్పాడో, ఏవి మింగేశాడో! నేను వారం రోజులు ఏమీ తేల్చుకోలేకపోయాను. ఆ వారం ఆమె అదే ఇంట్లో ఉంది. ఆ వారానికి జవాబుదారీ నాదే.

"ఇప్పుడు కాదు, ఆగండి" అన్న మాట మనకి కొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన స్త్రీలని పోరాటం ముగియగానే ఇళ్లకి పొమ్మన్నారు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర"లో ఆ స్త్రీలే ఆ సంగతి చెప్పారు. అంతకు ముందు ఏడాది షాబానో తీర్పు తర్వాత మతం పరువు పేరుతో స్త్రీ మనోవర్తి పక్కకి పోయింది. ప్రతిసారీ పెద్ద ప్రమాదం ఒకటి బయట నిలబడి ఉంటుంది. దాన్ని చూపించి ఇంట్లో ప్రమాదం గురించి మాట్లాడవద్దంటారు.

లాయరు గారి భయం అబద్ధమని నేననను. పోలీస్ స్టేషన్‌కి వెళ్లిన పరాయి స్త్రీని మొదట ఏమడుగుతారో ఈ నగరానికి తెలుసు. 1978లో రమీజాబీ మీద స్టేషన్లోనే అత్యాచారం జరిగితే, ఆమె శీలం గురించీ ఆమె పెళ్లి చెల్లుతుందా అనీ విచారణ జరిగింది. శరణార్థి స్త్రీకి ఆ ప్రశ్నలకు తోడు "నువ్వే దేశం దానివి?" అన్నది ఇంకొకటి. 2021 ఏప్రిల్‌లో రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు 14, 21 అధికరణాలు పౌరులు కానివాళ్లకీ వర్తిస్తాయంటూనే, వెనక్కి పంపకుండా ఉండే హక్కు పౌరులకే ఉన్న నివాస హక్కుతో ముడిపడిందంది. భయానికి కారణం ఉంది. అయితే ఆ భయం ఖరీదు ఎవరు కడుతున్నారన్నది నా ప్రశ్న.

చట్టాల్లో వాడిన మాటల్ని మనం జాగ్రత్తగా చదవాలి. ఉచిత న్యాయ సహాయం గురించి చెప్పే రాజ్యాంగంలోని 39ఎ అధికరణం "పౌరుడు" అంటుంది. దాన్ని అమలు చేయడానికి వచ్చిన 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ మాత్రం "ప్రతి వ్యక్తి" అంటుంది. ఆ వ్యక్తి స్త్రీ అయితే చాలు, ఆదాయంతో పని లేకుండా సహాయం పొందే అర్హత ఉంది. 2005 గృహహింస చట్టం "ఏ స్త్రీ అయినా" అంటుంది. ఏ దేశపు స్త్రీ అని అడగదు. 1998లో హౌరా రైల్వే స్టేషన్ యాత్రీ నివాస్‌లో ఒక బంగ్లాదేశ్ స్త్రీపై అత్యాచారం జరిగింది. చంద్రిమా దాస్ అనే లాయరు వేసిన ఆ కేసులో, జీవించే హక్కు విదేశీ స్త్రీకీ ఉందని 2000లో సుప్రీంకోర్టు చెప్పి, పది లక్షల పరిహారాన్ని నిలబెట్టింది. ఈ మాటలు వాడుకునే మనుషులు లేక అవి పుస్తకాల్లో పడి ఉన్నాయి.

ఆ వారం తర్వాత మేము కూర్చుని కొన్ని మార్చుకున్నాం. పద్దెనిమిదేళ్లు దాటిన ప్రతి స్త్రీకీ వేరే ఫైల్. ఆమె కథ ఆమె నోటనే, భర్త గానీ మామ గానీ గదిలో లేకుండా. దుబాసీ స్త్రీ అయి ఉండాలి, ఆ కుటుంబానికి చుట్టం కాకూడదు. ఇదేమీ మా తెలివి కాదు. శరణార్థుల సంస్థ 2002లో వెలువరించిన మార్గదర్శకాల్లోనే ఉంది. భార్యాభర్తలకి తగువొస్తే ఒకే లాయరు ఇద్దరి పక్షాన నిలబడకూడదు. కార్డుల నకళ్లు ఆమె పేరుతో మా దగ్గర వేరుగా ఉంటాయి. ఇక గృహహింస చట్టం కింద ఎఫ్‌ఐఆర్ లేకుండానే నేరుగా మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు పెట్టవచ్చు. స్టేషన్ గడప తొక్కకుండా రక్షణ ఉత్తర్వు అడిగే దారి ఇది. దీన్ని మేము మొదటి రోజే ఆమెకి చెప్పి ఉండాల్సింది.

దరఖాస్తు పెట్టాం. కార్డులు తిరిగి వచ్చాయి, కొట్టకూడదని తాత్కాలిక ఉత్తర్వు వచ్చింది. ఆమె ఇప్పుడు పిల్లలతో ఇంకో రోహింగ్యా స్త్రీ పక్కన గుడిసెలో ఉంటూ మిషను కుడుతోంది. వాయిదాలు నడుస్తున్నాయి. భర్తని ఎవరూ డిటెన్షన్‌కి పంపలేదు. అన్ని కేసులూ ఇలాగే జరుగుతాయని చెప్పలేను. కానీ ఆమెతో మాట్లాడకుండానే ఆమె తరఫున ప్రమాదాన్ని అంచనా వేసే హక్కు మాకు లేదు. తన కొత్త ఫైల్ కోసం ఆమె రెండు మధ్యాహ్నాలు మాట్లాడింది. భర్త చెప్పిన కథలో లేనివి, దారిలో తనకి జరిగినవి, చాలా ఉన్నాయి. శరణు కోరడానికి భర్త కారణాల కన్నా ఆమె కారణాలే బలమైనవి. అవి ఇంతకాలం ఎక్కడా నమోదు కాలేదు.

"మన ఆడవాళ్లకే దిక్కు లేదు, పరాయి దేశం వాళ్ల సంగతి మనకెందుకు?" అని మన మిత్రులే అడుగుతుంటారు. పరాయితనం తెలుగువాళ్లకి తెలియనిదా? కోరంగి రేవు నుంచి బర్మా వెళ్లి రంగూన్ ఓడరేవులో మూటలు మోసిన మనవాళ్లని 1930 అల్లర్లలో చంపారు. 1942లో జపాన్ దాడికి కొండలు దాటి నడిచొచ్చినవాళ్లున్నారు. 1962 తర్వాత సైనిక ప్రభుత్వం దుకాణాలు లాక్కుంటే కట్టుబట్టలతో వచ్చినవాళ్లున్నారు. విశాఖలో బర్మా క్యాంపు పేరు ఇప్పటికీ అదే. ఇవాళ కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్ ఇళ్లలో పనికి పోతున్న స్త్రీల పాస్‌పోర్టు కఫీల్ చేతిలో ఉంటుంది. దెబ్బలు తాళలేక బయటపడితే పారిపోయిందని కేసు. అప్పుడామె ఖల్లివెల్లి. అక్కడ ఆమె తరఫున ఫీజు లేకుండా నిలబడే లాయరు ఒకరుండాలని మనం కోరుకుంటాం. బాలాపూర్ స్త్రీ కార్డు భర్త చేతిలో, కువైట్ స్త్రీ పాస్‌పోర్టు యజమాని చేతిలో. రెండూ ఒకటే సమస్య అని గుర్తిస్తే "మన, పరాయి" అన్న గీత దానంతటదే పలచబడుతుంది.

కనుక స్త్రీల సంఘాలకూ స్వచ్ఛంద సంస్థలకూ నా విన్నపం ఇది. మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లి, 12వ సెక్షన్ కింద పౌరసత్వ కాగితం అడగకుండా స్త్రీలకి సహాయం ఇస్తున్నారా అని రాతపూర్వకంగా అడగండి. 15100 నంబరు శరణార్థి బస్తీల్లో చెప్పండి. అక్కడి స్త్రీలలోనే కొందరికి దుబాసీ పని నేర్పించి, ఆ పనికి డబ్బివ్వండి. అన్నిటికన్నా ముందు మీ సొంత ఫారాలు ఒకసారి తీసి చూడండి. మొదటి గడిలో ఏం రాసుందో చూడండి. మా ఫారంలో ఆ గడి కొట్టేయడానికి ఒక నిమిషం పట్టింది. దాన్ని గమనించడానికి మాత్రం ఒక స్త్రీ దెబ్బలు తిని వచ్చి అడగవలసి వచ్చింది.