ఇంటింటి ఆరోగ్యము: పుట్టగొడుగు

తొలకరి వానలు పడి, రెండు ఉరుములు ఉరిమిన మరునాడు పిల్లలు గట్ల వెంట వెదకులాడే కాలమిది. పుట్టగొడుగు మందని కొందరు, విషమని కొందరు అంటారు గదా, ఏది నమ్మవలెనని సోదరీమణులు తరచు అడుగుతుంటారు. రెండూ నిజమే. ఆ రెండింటి నడుమ మనము నడచుకొనవలసిన తీరు గూర్చి ఈ మాసము మనవి చేస్తాము.

పుట్ట మీద లేచే గొడుగు గనుక మన పెద్దలు దీనిని పుట్టగొడుగు అన్నారు. పేరులోనే సంగతి ఉన్నది. చెదలు తాము నమిలి తెచ్చిన ఎండుటాకు, కట్టెపొట్టు మీద పుట్ట లోపల ఒక బూజును తోటవలె పెంచుకుంటాయి. వాన తడి లోపలికి దిగగానే ఆ బూజు నేలను చీల్చుకొని గొడుగు విప్పుతుంది. ఇక్కడి కన్నడ సోదరులు దీనినే అణబె అంటారు.

మనుస్మృతి ద్విజులకు ఛత్రాకమును నిషేధించినది. అందుచేత కొన్ని ఇళ్ళలో ఈనాటికీ అది వంటింటి గడప దాటదు. వారి ఆచారము వారిది. సుశ్రుతుడు మాత్రము గడ్డి, చెరకు, పేడ, వెదురు, నేల, వీటినుండి పుట్టేవాటిని వేరువేరుగా చెప్పి, గడ్డిలో పుట్టినది మధురమనీ, దోషములను శమింపజేయుననీ అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

నేటి శాస్త్రము చెప్పేదేమి? పచ్చి పుట్టగొడుగులో నూటికి 90 పాళ్ళు నీరే. కొవ్వు బహు స్వల్పము. ఎండబెట్టి తూచితే ఇంచుమించు అయిదవ వంతు మాంసకృత్తులుంటాయి. బి విటమినులు, పొటాషియము కలవు. ముక్కలు కోసి మధ్యాహ్నపు ఎండలో కొంతసేపు ఉంచితే మన చర్మమువలెనే అదీ డి విటమినును తయారుచేస్తుంది. ముత్యపుచిప్ప పుట్టగొడుగులో రక్తములోని కొలెస్ట్రాలును తగ్గించే లోవాస్టాటిన్ అనే పదార్థము కొద్దిగా ఉన్నది. అంతమాత్రాన డాక్టరుగారిచ్చిన మాత్రలు మానుకోరాదు. ఇది ముందు ఆహారము, తరువాతే ఔషధము. మూత్రపిండముల జబ్బు గలవారు పొటాషియము సంగతి డాక్టరును అడిగి తినవలెను.

ఇక విషము మాట. మా ఎరికలో ఒక ఇంట, వాన వెలిసిన సాయంత్రము పిల్లలు పశువుల దొడ్డి పక్కనుండి తెల్లని గొడుగులు కోసుకొచ్చారు. చూడ ముచ్చటగా ఉన్నవి, కూర వండారు. రెండు గంటలు గడవకముందే ఇంటిల్లిపాదికీ వాంతులు, విరేచనాలు. వేళకు ఆసుపత్రికి చేర్చబట్టి బ్రతికి బయటపడ్డారు. అమ్మమ్మ ఉంటే ఆ గొడుగును ముట్టనిచ్చేది కాదని ఆ తల్లి కంటతడి పెట్టినది. 1950ల నుండి తుంగభద్ర కాలువ వెంట సింధనూరు, మానవి ప్రాంతాల క్యాంపులకు వచ్చిన మనవారు విత్తనాలు, పశువులు, దేవుని పటాలు వెంట తెచ్చుకున్నారు. ఏ గట్టున ఏ గొడుగు మంచిదో ఎరిగిన ముసలివారి కన్ను మాత్రము చాలా ఇళ్ళలో వెనుకనే ఉండిపోయినది.

వెండి చెంచా నల్లబడకపోతే మంచిదనీ, వెల్లుల్లి రంగు మారకపోతే మంచిదనీ, పురుగు కొరికినది మనమూ తినవచ్చుననీ చెప్పే పరీక్షలన్నీ వట్టివి. కొన్ని విషపు జాతులు ఆరు గంటలు, పన్నెండు గంటలు ఊరక ఉండి, తరువాత కాలేయమును పట్టుకుంటాయి. అనుమానము రాగానే మిగిలిన కూర ముక్కతో సహా ఆసుపత్రికి పరుగెత్తవలెను.

మరి తినాలనుకునేవారికి దారి? సుశ్రుతుడు చెప్పిన గడ్డే. వరి కోతలైన తరువాత మడిలోనే గడ్డికి నిప్పు పెట్టడము ఏటా చూస్తున్నాము. ఆ గడ్డి ఒక మోపు ఇంటికి తెండి. రెండు అంగుళాల ముక్కలుగా నరికి, ఒక రాత్రి నానబెట్టి, మరిగే నీటిలో అరగంటకు తగ్గకుండా ఉంచి, నీరు కారిపోయేదాకా ఆరనివ్వండి. పాలిథీన్ సంచిలో ఒక వరుస గడ్డి, ఒక వరుస విత్తనము వేసి మూతి కట్టి, నాలుగు చిల్లులు పొడవండి. ఈ విత్తనము ఎక్కువగా మన జొన్నగింజల మీద పెంచినదే. చీకటి గదిలో మూడు వారాలలోపు సంచి తెల్లబడుతుంది. అప్పుడు సంచి చించి, గాలి వెలుతురు తగలనిచ్చి నీరు చిలకరిస్తే వారము పది రోజులలో కోతకు వస్తుంది. ముత్యపుచిప్ప రకానికి చల్లదనము కావాలి గనుక మన జిల్లాలో వానకాలము, చలికాలమే అనువు. కోయంబత్తూరులో 1940లలోనే సాగుచేసిన వరిగడ్డి పుట్టగొడుగు 30 డిగ్రీలు దాటిన వేడికి ఓర్చుకుంటుంది. విత్తనమునకు, సలహాకు 2009లో ఏర్పడిన రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము వారిని అడగవచ్చును.

పచ్చిగా తినరాదు. కోసిన రెండు రోజులలో బాగా ఉడికించి వండుకోవలెను. మొదటిసారి తినేవారు కొద్దిగా తిని చూడవలెను. మిగిలిన గడ్డి ఎరువుకు పనికివస్తుంది.

ఎరిగిన పెద్దలు ఇంకా ఇంట ఉంటే, ఈ వానలకు పిల్లలను వారి వెంట గట్టుకు పంపండి. లేనివారు గట్టున కోయకండి, ఇంట పెంచండి.