సూపర్‌హీరో చేతికి నెత్తురు అంటకుండా విలన్ ఎలా చస్తాడు?

2025 జులైలో వచ్చిన జేమ్స్ గన్ ‘సూపర్‌మ్యాన్’ సినిమాలో హీరో ఉడతను కూడా కాపాడతాడు. భారీ రాక్షసితో పోరాడుతూ, కూలుతున్న భవనాల మధ్య ఆగి మరీ ఆ చిన్న ప్రాణిని పక్కకు తీసుకుపోతాడు. అదే సినిమాలో, పొరుగు దేశంపై దాడికి తెగబడిన బొరావియా అనే కల్పిత దేశపు అధ్యక్షుడిని హాక్‌గర్ల్ ఆకాశంలోకి ఎత్తుకుపోతుంది. సూపర్‌మ్యాన్ ఎవరినీ చంపడన్న ధీమాలో ఉంటాడు ఆ అధ్యక్షుడు. తాను సూపర్‌మ్యాన్‌ను కాదని గుర్తుచేసి, ఆమె చేయి వదిలేస్తుంది.

ఈలల కోసం రాసుకున్న సన్నివేశమే అది. హీరో చేతులు శుభ్రంగా ఉన్నాయి. ప్రేక్షకుడికి కావలసిన చావు కూడా దొరికింది. ఆ తర్వాత ఆ హత్య గురించి సినిమా పెద్దగా ఆలోచించదు. ఎనిమిది దశాబ్దాలకు పైగా సూపర్‌హీరో కథలు మోస్తున్న ఒక ఇబ్బందికి ఇది తాజా పరిష్కారం. విలన్ చావాలి, హీరో చంపకూడదు. మరి ఎలా?

సూపర్‌హీరోలు చంపరనే నియమం ఏదో ధర్మసూత్రంలా మొదటి నుంచీ ఉందని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ లేదు. 1939లో డిటెక్టివ్ కామిక్స్ 27వ సంచికలో బ్యాట్‌మ్యాన్ పుట్టిన తొలి కథలోనే, అతని దెబ్బకు ఒక నేరస్థుడు యాసిడ్ తొట్టిలో పడి చస్తాడు. బ్యాట్‌మ్యాన్‌కు పశ్చాత్తాపం ఏమీ ఉండదు. 1940లో వచ్చిన ‘బ్యాట్‌మ్యాన్’ మొదటి సంచికలో అతను విమానంలోంచి మెషిన్‌గన్‌తో కాల్పులు జరుపుతాడు. అప్పటి ఎడిటర్ విట్నీ ఎల్స్‌వర్త్‌కు అది నచ్చలేదు. ఇకపై బ్యాట్‌మ్యాన్ తుపాకీతో ఎవరినీ చంపకూడదని తేల్చిచెప్పారు. అదే సంచికలో జోకర్ కూడా చనిపోవలసింది. ఇంత మంచి విలన్‌ను ఒక్క సంచికతో వదులుకోవడం ఎందుకని ఆయనే ఆపారు. జోకర్ బతికే ఉన్నాడని చెప్పే చిన్న బొమ్మ ఒకటి చివర్లో చేరింది.

అంటే నియమానికి పునాది కొంత పిల్లల పాఠకుల మీద జాగ్రత్త, కొంత వ్యాపారం. నెలనెలా కథ నడవాలంటే విలన్ మళ్లీ రావాలి. చచ్చినవాడు రాడు (కామిక్స్‌లో వస్తాడనుకోండి, అది వేరే సంగతి). 1954లో అమెరికా సెనేట్ ఉపసంఘం కామిక్స్ పిల్లలను చెడగొడుతున్నాయా అని విచారణ జరపడం, భయపడిన ప్రచురణకర్తలు తమకు తామే ‘కామిక్స్ కోడ్’ పెట్టుకోవడంతో ఆ నియమం గట్టిపడింది. అయితే పుట్టుక వ్యాపారమైనంత మాత్రాన ఒక నియమానికి నైతిక బలం ఉండదని కాదు. దశాబ్దాల పాటు రచయితలు దాన్ని ప్రశ్నిస్తూ, పరీక్షిస్తూ, అందులో లేని అర్థాన్ని కూడా నింపారు. 1988లో జాన్ బర్న్ రాసిన కథలో సూపర్‌మ్యాన్ ముగ్గురు క్రిప్టాన్ నేరస్థులను తానే చంపుతాడు. ఆ భారం మోయలేక ఆ తర్వాత భూమిని వదిలి వెళ్లిపోతాడు. చంపినందుకు హీరోకు శిక్ష వేసిన కథ అది.

అదే 1988లో ఇంకో విచిత్రం జరిగింది. జోకర్ చేతిలో చావుబతుకుల మధ్య ఉన్న రెండో రాబిన్ బతకాలా, చావాలా అని డీసీ సంస్థ పాఠకులనే అడిగింది. కాల్‌కు 50 సెంట్లు. బతకాలని 5,271 ఓట్లు, చావాలని 5,343 ఓట్లు వచ్చాయి. 72 ఓట్ల తేడాతో ఒక కుర్రాడు చనిపోయాడు. కల్పిత పాత్రే, కాదనలేం. కానీ జోకర్ ఎందుకు బతికి ఉన్నాడని కోప్పడే పాఠకుల్లోంచే, డబ్బు కట్టి మరీ ఒక చావు కోరుకున్నవాళ్లు అంతమంది వచ్చారు.

సినిమా దగ్గరికి వచ్చేసరికి లెక్క తారుమారవుతుంది. కామిక్‌కు వచ్చే నెల ఉంటుంది, సినిమాకు రెండున్నర గంటలే ఉంటాయి. విలన్ వేషం కట్టిన పెద్ద నటుడు తర్వాతి భాగంలో ఉంటాడన్న నమ్మకం లేదు. కథకు ముగింపు కావాలి, ముగింపు అంటే చావు. 1989లో టిమ్ బర్టన్ బ్యాట్‌మ్యాన్ ఒక కెమికల్ ఫ్యాక్టరీని మనుషులతో సహా పేల్చేస్తాడు. జోకర్ చర్చి గోపురం మీంచి పడి చస్తాడు. 1980 నాటి ‘సూపర్‌మ్యాన్ 2’లో శక్తులు పోయి మామూలు మనిషైన జనరల్ జోడ్‌ను సూపర్‌మ్యాన్ గోడకేసి విసిరితే, అతను మంచు అగాధంలోకి జారిపోతాడు. హీరో నవ్వుతాడు, ప్రేక్షకులూ నవ్వారు. అదే జోడ్ మెడను 2013లో ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’లో సూపర్‌మ్యాన్ విరిచేసి, మోకాళ్ల మీద పడి గుండెలు పగిలేలా అరిస్తే మాత్రం అభిమానలోకం భగ్గుమంది. సూపర్‌మ్యాన్ కథలు రాసిన మార్క్ వెయిడ్ లాంటి రచయితలు బహిరంగంగానే మండిపడ్డారు.

రెండింటిలో నైతికంగా ఏది నయం? శక్తిలేని శత్రువును నవ్వుతూ విసిరేయడమా, ఒక కుటుంబాన్ని కాల్చబోతున్న శత్రువును మరో దారిలేక చంపి ఏడవడమా? జవాబు తేలికే. అయినా తిట్లు రెండో సినిమాకే పడ్డాయి. చావు జరిగిందా లేదా అన్నది కాదు ప్రేక్షకుడి అభ్యంతరం, దాన్ని కళ్లెదుట పెట్టి చూడమనడమే.

అందుకే కళ్లు పక్కకు తిప్పుకునే సౌకర్యాన్ని హాలీవుడ్ ఒక పనితనంగా మార్చుకుంది. 2005 నాటి ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’ ఇందుకు మంచి ఉదాహరణ. దూసుకుపోతున్న రైల్లో రాస్ అల్ ఘుల్‌ను వదిలేస్తూ, తాను చంపడం లేదనీ, అయితే కాపాడాల్సిన బాధ్యత కూడా తనకు లేదనీ బ్యాట్‌మ్యాన్ చెప్పుకుంటాడు. వినడానికి బాగుంది. కానీ ముందున్న పట్టాలను పేల్చమని గోర్డన్‌ను పంపిందెవరు? బ్యాట్‌మ్యానే. గుంత తవ్వించినవాడు, పడబోయేవాడిని పట్టుకోవాల్సిన పని నాకు లేదంటే ఏ న్యాయస్థానమూ ఒప్పుకోదు. మూడేళ్ల తర్వాత ‘ది డార్క్ నైట్’ ఈ తప్పును కొంత దిద్దుకుంది. భవనం మీంచి పడుతున్న జోకర్‌ను బ్యాట్‌మ్యాన్ తాడుతో పట్టుకుని తలకిందులుగా వేలాడదీస్తాడు. కొద్దిసేపటికే ఒక పిల్లవాడిని కాపాడబోయి హార్వీ డెంట్‌ను తోసేస్తాడు, డెంట్ చనిపోతాడు. ఈ చావును సినిమా దాచలేదు. దాన్ని కప్పిపుచ్చడానికి ఊరంతటికీ ఒక అబద్ధం చెప్పాల్సి వచ్చిందని చూపించింది.

జోకర్ విషయంలో అభిమానులు తరచూ అడిగే ప్రశ్న నిజంగా బలమైనదే. ప్రతిసారీ తప్పించుకుని పదుల మందిని చంపేవాడిని ప్రాణాలతో వదిలితే, ఆ తర్వాతి చావులకు బ్యాట్‌మ్యాన్ బాధ్యుడు కాడా? ఈ ప్రశ్న బ్యాట్‌మ్యాన్‌ను మాత్రమే బోనులో నిలబెడుతుంది. అతను జోకర్‌ను పట్టి అప్పగించాడు. ఆ తర్వాత విచారణ జరపాల్సిన కోర్టు, కాపలా కాయాల్సిన ఆర్కమ్ ఆసుపత్రి, నిధులివ్వాల్సిన ప్రభుత్వం ఏం చేస్తున్నాయి? గోథమ్ నగరంలో తలుపులకు తాళాలు సరిగా పడవు కాబట్టి ముసుగు మనిషి ఉరి తీయాలన్నది వాదన. తాళాలు బాగుచేయమని ఎవరూ అడగరు, ఎందుకంటే ఆ కథకు టికెట్లు తెగవు.

కామిక్ సినిమాలు చేసే అసలు గారడీ చంపడంలో లేదు, ‘తెలియడం’లో ఉంది. నేరం చేసింది ఎవరో హీరోకు తెలుసు, మనకూ తెలుసు. మనం కళ్లారా చూశాం. సందేహానికి చోటే లేదు. 2008 నాటి ‘ఐరన్ మ్యాన్’లో అఫ్గానిస్తాన్‌లోని గుల్మిరా అనే కల్పిత గ్రామంలో సాయుధులు ఊరివాళ్లను బందీలుగా పట్టుకుంటారు. టోనీ స్టార్క్ కవచంలోని కంప్యూటర్ ఎవరు ముష్కరుడో, ఎవరు బందీయో క్షణంలో తేలుస్తుంది. భుజాల మీంచి దూసుకెళ్లిన గుళ్లు సాయుధులకే తగులుతాయి, ఒక్క బందీకీ గీత కూడా పడదు. మిగిలిన నాయకుణ్ని ఊరివాళ్ల చేతికి వదిలేసి హీరో ఎగిరిపోతాడు. వాళ్లు అతన్ని ఏం చేశారో కెమెరా చూపించదు. ఈ పాత్ర 1963లో కామిక్‌గా పుట్టినప్పుడు స్టార్క్ బందీ అయింది వియత్నాంలో. యుద్ధం మారింది, భూగోళం మీద చుక్క మారింది.

అలాంటి గురి ఉన్న యంత్రం నిజంగా ఉంటే? 2021 ఆగస్టు 29న కాబూల్‌లో ఒక తెల్ల కారును అమెరికా డ్రోన్ గంటల తరబడి వెంటాడి పేల్చింది. అది ఉగ్రవాదులదేనని సైన్యం చెప్పింది. సెప్టెంబరు 17న పెంటగాన్ తప్పు ఒప్పుకుంది. చనిపోయిన 10 మందీ పౌరులే. వారిలో ఏడుగురు పిల్లలు. కారు నడిపిన మనిషి ఒక సహాయ సంస్థ ఉద్యోగి. ఈ పొరపాటుకు సైనికులెవరినీ శిక్షించబోమని ఆ డిసెంబరులో ప్రకటించారు. గుల్మిరా సన్నివేశాన్ని ఇప్పుడు మళ్లీ చూస్తే, అందులో అత్యంత అసంభవమైన విషయం ఎగిరే కవచం కాదు.

తెలుగు ప్రేక్షకుడికి ఈ చర్చంతా కాస్త వింతగా అనిపించవచ్చు. దుష్టుడు చావకుండా ముగిసే కథ మనకు అసంపూర్తి కథ. నరకాసురుడు చస్తేనే దీపావళి. మన భాషలోనే ‘హత్య’ వేరు, ‘వధ’ వేరు, ‘సంహారం’ వేరు. చంపడానికి ఏ మాట వాడామన్నదే తీర్పు చెప్పేస్తుంది. అయితే ఆ కథలే సందేహాన్నీ దాచుకున్నాయి. చెట్టు చాటు నుంచి వాలిని కొట్టిన రాముడిని వాలి నిలదీస్తాడు, రాముడు సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది. శిశుపాలుడికి వంద తప్పుల దాకా గడువుంది. నిద్రలో పిల్లలను చంపిన అశ్వత్థామను కూడా తలమీది మణి తీసుకుని వదిలేశారు. సినిమా వధను తీసుకుంది, సంజాయిషీని వదిలేసింది.

మన తెరమీద సూపర్‌హీరో ముసుగు అరుదు. ఆ పాత్రను ఎక్కువగా పోషించింది ఖాకీ చొక్కా. తెలుగు ‘టెంపర్’ (2015)లో పోలీసు హీరో కోర్టు బోనెక్కి, తనను కూడా నేరస్థుడిగా ఒప్పుకుని నిందితులను శిక్ష దాకా లాగుతాడు. ఎంత నాటకీయమైనా అక్కడ ఒక న్యాయమూర్తి ఉన్నారు. దాని హిందీ రూపం ‘సింబా’ (2018)లో ఆ దారి కూడా లేదు. పోలీసు స్టేషన్‌లోనే నిందితులను కాల్చి, దాన్ని ఎన్‌కౌంటర్‌గా అల్లుతారు. ‘సింగం’ తరహా సినిమాలు ప్రమాదకరమైన సందేశం ఇస్తున్నాయని 2023లో బాంబే హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ గౌతమ్ పటేల్ అన్నది ఇలాంటి వాటి గురించే. అమెరికాలోనూ ఈ దారి వేరుగా లేదు. చట్టాన్ని పక్కనపెట్టి చంపే ‘పనిషర్’ పాత్ర పుర్రె గుర్తును కొందరు పోలీసులు తమ వాహనాలకు అతికించుకున్నారు. ఆ పాత్ర సృష్టికర్తల్లో ఒకరైన జెర్రీ కాన్వే దాన్ని గట్టిగా ఖండించారు.

‘సింబా’ వచ్చిన ఏడాదికి, 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున, షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి దగ్గర ‘దిశ’ కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. వెటర్నరీ వైద్యురాలిపై జరిగిన ఘోరం చూసి రగిలిపోయినవారి కోపంలో అబద్ధం లేదు. దేశంలో పెండింగ్ కేసులు 5 కోట్లకు పైమాటే అయినప్పుడు, కోర్టు మీద నమ్మకం పెట్టుకోమని చెప్పడం కూడా అంత తేలిక కాదు. ఆర్కమ్ తలుపులకు తాళాలు పడని గోథమ్ వాసుల నిస్పృహ లాంటిదే అది.

కానీ తెరమీద ఉండే ‘తెలియడం’ ఇక్కడ ఎవరి దగ్గర ఉంది? సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. నిందితులు ఆయుధాలు లాక్కుని ఎదురుకాల్పులు జరిపారన్న పోలీసుల కథనాన్ని నమ్మలేమని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని కమిషన్ తేల్చింది. పది మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. వాళ్లు దోషులా కాదా అన్నది ఇప్పుడిక ఏ కోర్టూ తేల్చలేదు. నిందితులకే కాదు, బాధితురాలి కుటుంబానికి కూడా ఒక తీర్పు దక్కకుండా పోయింది. ప్రతి ఎన్‌కౌంటర్ మరణంపై స్వతంత్ర దర్యాప్తు, మెజిస్ట్రేట్ విచారణ ఉండాలని, వెంటనే పదోన్నతులో, శౌర్య పతకాలో ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2014లోనే మార్గదర్శకాలిచ్చింది. పూల విషయం ఆ మార్గదర్శకాల్లో లేదు.

ఈ దారిలో ఎదురు నడిచిన సినిమా రజనీకాంత్ ‘వేట్టయన్’ (2024). ఒక టీచర్ హత్య తర్వాత దేశమంతా న్యాయం కావాలంటుంది. ఎన్‌కౌంటర్ స్పెషలిస్టు అయిన హీరో నిందితుడిని కాల్చేస్తాడు. తెరమీదా, థియేటర్లోనూ జేజేలు పడే ఘట్టం. కొంతసేపటికి, చచ్చినవాడు నిరపరాధి అని తేలుతుంది. దర్శకుడు టి.జె. జ్ఞానవేల్ అంతకుముందు ‘జై భీమ్’ తీసినవాడు. ఆయన చేసిన తెలివైన పని, ప్రేక్షకుడి చేత ముందు ఈల వేయించడం. రెండో సగంలో రజనీ సినిమాకు తప్పనిసరైన ఫైట్లకు లొంగిపోయినా, ఆ ఒక్క మలుపును సూపర్‌హీరో సినిమాలు ఇంతవరకూ తమ ప్రధాన హీరో మీద ప్రయోగించడానికి పెద్దగా సాహసించలేదు. బ్యాట్‌మ్యాన్ పొరపాటున ఒక అమాయకుడిని చంపి, ఆ సంగతి తెలుసుకుని, మర్నాడు మళ్లీ ముసుగు కట్టుకోవాలా వద్దా అని కూర్చుని ఆలోచించే రెండున్నర గంటల సినిమాకు ఏ స్టూడియో డబ్బు పెడుతుంది? 2016 నాటి ‘సివిల్ వార్’ మొదట్లో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి టోనీ స్టార్క్ ఎదుట నిలబడి అడుగుతుంది. ఆమె ఉన్నది కాసేపే. ఆ తర్వాత విమానాశ్రయంలో హీరోలు రెండు జట్లుగా విడిపోయి కొట్టుకుంటారు. సినిమా పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది ఆ కొట్లాటే.