సీసా మీది అంకె

ఆపిల్ బ్రాందీ గురించి మనవాళ్ళు రాసేదే తక్కువ. ఆ కాస్తలోనూ ఒకటే పాట: ఎంత పాతదైతే అంత గొప్పది. ఇరవయ్యేళ్ళది తాగాం, నలభయ్యేళ్ళది తాగాం అంటారు. గ్లాసులో ఏముందో మాత్రం చెప్పరు. ఇందులో నేనేమీ శుద్ధుణ్ణి కాదు. రెండేళ్ళ క్రితం సరిగ్గా ఇలాంటి వ్యాసమే నేనూ రాశాను. అందుకే ఈ కోపంలో సగం నా మీదే.

నేను చెప్తున్నది ఫ్రాన్స్‌లోని నార్మండీ సరుకు, కాల్వడోస్ గురించి. ఊరికే కొరుక్కు తినలేని వగరు, చేదు, పులుపు ఆపిల్ రకాలు కలిపి, రసం తీసి పులియబెడితే సైడర్. దాన్ని బట్టీ పెట్టి ఓక్ పీపాల్లో పోస్తే, ఏళ్ళు గడిచాక కాల్వడోస్. పే దోజ్ ప్రాంతంలో రెండుసార్లు బట్టీ పెట్టాలి. దోంఫ్రోంతేలో కనీసం 30 శాతం బేరిపళ్ళు ఉండాలి, మూడేళ్ళు పీపాలో ఉండాలి. ఇవన్నీ చట్టం చెప్పే సంగతులు.

వయసు గురించి కూడా చట్టమే చెప్తుంది. ‘ఆర్ దాజ్’ అంటే వయసుకు అందనిది అని అర్థం. వినడానికి ఎంత గంభీరంగా ఉందో! ఆ పేరు పెట్టుకోడానికి కావలసింది ఆరేళ్ళే. కలిపిన వాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసే సీసా మీద వేస్తారు. ఇక ఒక సంవత్సరం పేరుతో అమ్మే సీసాల మీద ఉండేది బట్టీ పెట్టిన సంవత్సరం. 1975లో బట్టీ దిగి 1990లో సీసాలోకి పోయినదాని వయసు 15 ఏళ్ళు. ఆ తరవాత మీ అలమరాలో ఇంకో 30 ఏళ్ళున్నా 15 ఏళ్ళే. గాజులో అది ఎదగదు. రంగు చూసి మురిసిపోదామా అంటే, రంగు కోసం కారమెల్ కలపడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి.

పోయిన డిసెంబర్‌లో నలుగురం స్నేహితులం కూర్చున్నాం. పే దోజ్‌వి మూడు: 8, 15, 25 ఏళ్ళవి. దోంఫ్రోంతేది ఒకటి, పదేళ్ళది. సీసాలకి కాగితాలు చుట్టి, మా ఆవిడ చేత నంబర్లు వేయించాను. ఆ 25 ఏళ్ళదానికి నేను పెట్టిన డబ్బు ఇక్కడ రాయను, ఆవిడ కూడా ఇది చదువుతుంది.

ఒక గ్లాసు వాసనకి అందరం తలలూపాం. పాత బెల్లం, ఎండు ఖర్జూరం, అక్రోటు, కాస్త ముక్కిన వెన్న. నోట్లో పోసుకున్నాక మాత్రం చెక్క తప్ప ఏమీ మిగల్లేదు, పచ్చి వక్క నమిలినట్టు నాలుక పీక్కుపోయింది. “ఇందులో ఆపిల్ ఎక్కడుందిరా?” అన్నాడు ఒకడు. అదే 25 ఏళ్ళది. ముగ్గురికి నచ్చింది 15 ఏళ్ళది. అన్నిటికన్నా పాతది అదేనని పందెం కాసినవాణ్ణి నేను. 25 ఏళ్ళదాని మీద అంతకు ముందు, లేబుల్ చూస్తూ తాగినప్పుడు, నేను రాసుకున్న పొగడ్త రెండు పేజీలుంది.

నలుగురు తాగి తేల్చేదేమిటని అడగొచ్చు. న్యాయమే. దీన్నిబట్టి పాతవన్నీ చెడ్డవని నేననను. కొత్త పీపా చెక్కని తొందరగా దింపుతుంది. ఎన్నోసార్లు వాడిన పాత పీపాలో ముప్ఫయ్యేళ్ళున్నా సారం మెత్తగానే ఉండొచ్చు. నిలవ గది తేమగా ఉందా, పొడిగా ఉందా అన్నదాన్నిబట్టి ఆవిరయ్యే తీరు మారుతుంది. నా వాదన కూడా ఇదే: రుచిని నిర్ణయించే ఈ సంగతులేవీ ఆ అంకెలో లేవు. పన్నెండేళ్ళ అనుభవమని రెజ్యూమెలో రాసుకున్నవాళ్ళని ఇంటర్వ్యూ చేసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

మనకి మాత్రం తెలీదా ఏమిటి? బియ్యం ఏడాది నిలవుంటే అన్నం పొడిపొడిగా వస్తుందని పాత బియ్యం వెతుక్కుంటాం. అలాగని పదేళ్ళ బియ్యం ఎవరూ కొనరు. నాలుగేళ్ళ ఆవకాయలో ఉప్పూ నూనే తప్ప మామిడికాయ ఎక్కడుంటుంది? వంటింట్లో ఉన్న ఈ ఇంగితం విదేశీ సీసా ముందు ఎందుకు పారిపోతుంది?

నష్టం మన జేబుకే కాదు. దోంఫ్రోంతేలో బేరి చెట్లు నిలువెత్తు పెరుగుతాయి, కింద ఆవులు మేస్తుంటాయి. ఆ చెట్లు నిండుగా కాయడానికి దశాబ్దాలు పడుతుంది. పండు వాసన నిలిపి, నాలుగేళ్ళకే మంచి సరుకు దించే రైతుని మనం “ఇంకా చిన్నది” అని పక్కన పెడితే, ఆ చెట్టు నాటడానికి అతనికి కారణమేముంది?

కాబట్టి రాసేవాళ్ళకి ఒక మనవి. ఏ పళ్ళు, ఎలాంటి పీపా, సీసాలోకి ఎప్పుడు దిగింది, నోట్లో ఏమైంది, ఇవి రాయండి. అంకెని చివరి వాక్యంలో పెట్టండి. తరవాత ఆ వాక్యం కొట్టేసి, వ్యాసంలో ఏం మిగిలిందో చూసుకోండి. నా పాత వ్యాసంలో మూడు లైన్లు మిగిలాయి.