కర్ణనాదము వేరు, అనాహతము వేరు

జపానికి కూర్చున్నవేళ చెవిలో సన్నని ఝంకారం వినబడగానే అది అనాహతనాదమేనని సంబరపడే సాధకులు నేడు తక్కువేమీ కారు. అదే ధ్వని అర్ధరాత్రి నిద్రను హరించినపుడు మృత్యుసూచన అని తల్లడిల్లేవారూ ఉన్నారు. ఈ సంబరానికీ ఈ భయానికీ శాస్త్రాధారం లేదు. రెండింటివల్లా కలిగే హాని మాత్రం ఒకటే: చెవిని వైద్యునికి చూపించుకోవలసిన కాలం వృథాగా గడిచిపోతుంది.

మన పూర్వులు ఈ వికారాన్ని ఎరుగనివారు కారు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలో 28 కర్ణరోగాలు పరిగణింపబడ్డాయి. వాటిలో కర్ణనాదం, కర్ణక్ష్వేడం అనేవి వేర్వేరుగా చెప్పబడ్డాయి. వాయువు శబ్దవహస్రోతస్సులలో చేరినపుడు భేరీ మృదంగ శంఖధ్వనులవంటి శబ్దాలు వినవస్తాయని మొదటిదాని లక్షణం. వేణుఘోషవంటి ధ్వని రెండవదానిది. ఇక స్వాత్మారామయోగి రచించిన హఠయోగప్రదీపిక నాలుగవ ఉపదేశాన్ని తెరచి చూస్తే, అక్కడి నాదవర్ణన కూడ సముద్రఘోషతో, భేరితో ఆరంభమై, శంఖఘంటానాదాల మీదుగా వేణువీణాభ్రమరధ్వనుల వరకు సాగుతుంది. ఉపమానాలు దాదాపు అవే! భ్రాంతికి మూలం ఇక్కడే ఉన్నది. ఉపమానం ఒకటైనంత మాత్రాన ఉపమేయం ఒకటి కాదని తర్కశాస్త్రం చదవని వారికి కూడ తెలియవలసిన విషయమే. కాని ఆశ ఉన్నచోట తర్కం నిలువదు.

యోగశాస్త్రం చెప్పే నాదం ఆసనప్రాణాయామాలు కుదిరిన పిదప, శ్రోత్రాదులను నిరోధించి అనుసంధానించేది. అది స్థూలం నుండి సూక్ష్మానికి సాగుతుంది. దానియందు మనస్సు లయిస్తుంది. కర్ణనాదమో, పిలువకుండా వచ్చి, పొమ్మన్నా పోక, సాధన చేసినవానికీ చేయనివానికీ ఒకే తీరున వినిపిస్తుంది. దానివల్ల మనస్సు లయించదు సరికదా, మరింత చెదరిపోతుంది. ఇంత భేదం కళ్లెదుట ఉండగా, చెవిలో హోరు వినబడుతున్నదని వచ్చిన వ్యక్తికి కుండలిని మేల్కొన్నదని చెప్పి పంపే గురువులు చేస్తున్నది అపచారమే.

మరణభీతి పొందేవారు బృహదారణ్యకాన్ని స్మరించుకోవాలి. దేహంలోని వైశ్వానరాగ్ని ఘోషను చెవులు మూసుకొని వినవచ్చునని ఐదవ అధ్యాయంలో ఉన్నది. ప్రాణోత్క్రమణ సమీపించినపుడు ఆ ఘోష వినబడదని అక్కడే చెప్పబడింది. వినబడుట మరణచిహ్నమని కాదు. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు వినికిడి లోపం లేని 80 మందిని నిశ్శబ్దమైన గదిలో కూర్చోబెట్టి ఏమి వినబడుతున్నదో చెప్పమన్నారు. వారిలో 94 శాతం మంది ఏదో ఒక ధ్వని వింటున్నామన్నారు. గాఢనిశ్శబ్దంలో దేహం కొంత ధ్వనించడం సహజమన్నమాట.

ఆ ధ్వని నిత్యమై బాధించినపుడే అది వ్యాధిలక్షణం. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో సుమారు 15,000 సూక్ష్మరోమకణాలుంటాయి. వార్ధక్యంవల్ల గాని, తీవ్రశబ్దంవల్ల గాని అవి నశిస్తే మానవులలో తిరిగి మొలవవు. రావలసిన శబ్దం రాకపోయేసరికి మెదడు తనలోని సంకేతాలనే హెచ్చించుకొని వింటుందని నేటి వైద్యుల భావన. గులిమి గట్టిపడటం, కొన్ని ఔషధాలు కూడ కారణాలు కావచ్చు. ధ్వని ఒకే చెవిలో ఉన్నా, నాడితో సమంగా కొట్టుకుంటున్నా, తల తిరుగుతున్నా వైద్యపరీక్ష తప్పదు. వినికిడి హఠాత్తుగా పోయినట్లయితే ఆనాడే వెళ్లాలి; రోజులు గడిచేకొద్దీ చికిత్స ఫలించే అవకాశం సన్నగిల్లుతుంది. కర్ణభేరికి రంధ్రమున్నదో లేదో తెలియకుండ కాచిన నూనె పోయించుకోవడం మహాప్రమాదం.

అనేకులకు ఈ ధ్వని పూర్తిగా పోదు. బాధ మాత్రం తగ్గుతుంది. సెలయేటి గట్టున నివసించేవానికి కొన్నాళ్లకు దాని హోరు వినబడనట్లే, మెదడు దీనిని కూడ ఉపేక్షించడం నేర్చుకుంటుంది. భయం ఉన్నంతకాలం ఆ ఉపేక్ష కుదరదు. అందుచేతనే ఆలోచనాసరణిని దిద్దే మానసిక చికిత్సకు ఇందులో ప్రాముఖ్యం ఉన్నది. వినికిడి తగ్గినవారికి శ్రవణయంత్రం ఉపకరిస్తుంది. రాత్రి పూర్తి నిశ్శబ్దం కంటె పంకా శబ్దమో, మందంగా పెట్టిన స్తోత్రమో మేలు.

జపవిషయంలోనూ ఒక సవరణ అవసరం. వాచికం కంటె ఉపాంశువు, దానికంటె మానసజపం శ్రేష్ఠమని మనుస్మృతి చెప్పిన మాట నిజమే. కాని మౌనంలోకి వెళ్లినకొలదీ చెవిలోని హోరే ప్రధానమయ్యే సాధకుడు వాచికజపానికి దిగివస్తే దోషమేమీ లేదు. తన కంఠధ్వనియే అతని చెవికి ఆలంబనమవుతుంది.

దుఃఖాలను ప్రతీకారం లేకుండ, చింతావిలాపాలు లేకుండ సహించడమే తితిక్ష అని వివేకచూడామణి చెబుతున్నది కదా, వైద్యమెందుకని కొందరి వాదం. చికిత్సకు లొంగే రోగాన్ని ముదరబెట్టుకోవడం తితిక్ష కాదు, తామసం. చేయవలసినది చేసిన పిదప మిగిలినదాని విషయంలోనే తితిక్షకు చోటు.

ఇక దేవాలయాల సంగతి. గర్భాలయం ఎదుట విద్యుత్తుతో మ్రోగే డోలు, గంట యంత్రాలు, గోపురంమీది మైకులు భక్తుల చెవులకు చేస్తున్న మేలు ఏమిటో విజ్ఞులు ఆలోచించాలి. శబ్దకాలుష్య నియమావళి వచ్చింది 2000 సంవత్సరంలో. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు కూడదని అందులో ఉన్నది. ధనుర్మాసంలో దీనిని పాటించే ఆలయాలు ఎన్ని? ఉత్సవాలలో గంటలతరబడి సన్నాయి, డోలు వాయించే విద్వాంసుల చెవులకు రక్షణగా చిన్న బిరడాలైనా ఇప్పించే ధర్మకర్తలు అరుదు. వారి సంభావనతో పోల్చితే వాటి ఖరీదు ఏపాటిది?