మూడు సభలు – ఒక చెరువు

పూర్వం మన పంచాంగంలో పండుగలూ, ఏకాదశులూ, మూఢాలూ వుండేవి. వాటితోనే ఏడాది ఇట్టే గడిచిపోయేది. ఇప్పుడు వాటికి తోడు ప్రపంచ దినాలు వచ్చాయి. జూన్ 5 పర్యావరణ దినం. ఇది 1973 నుంచి జరుగుతోంది. సెప్టెంబరు 21 శాంతి దినం. ఐక్యరాజ్యసమితి దీన్ని 1981లో నెలకొల్పి, 2001లో ఈ తేదీ ఖాయం చేసింది. ఫిబ్రవరి 20 సామాజిక న్యాయ దినం. అన్నిటికంటే చిన్నది, 2009 నుంచి మొదలయింది. మూడూ మంచివే, కాదనేవారెవరు? కాని మూడింటికీ మా వైపు ఒకటే షామియానా, ఒకటే మైకు. వక్తలు కూడా ఇంచుమించు వాళ్లే. బానరు ఒక్కటే మారుతుంది.

కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి కనుక ఈ సభలకు నన్నూ పిలుస్తుంటారు. ఎవరో ఒకరు పద్యం చదవకపోతే సభ నిండుగా వుండదని కార్యదర్శుల నమ్మకం. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఇవాళ మీరు వుద్ధరించేది చెట్లనా, మనుషులనా?" అని అడుగుతుంది. ఆవిడ హాస్యానికే అన్నా, అందులో నిజం లేకపోలేదు. చెట్ల సంగతి వేరు, మనుషుల సంగతి వేరు, వాళ్ల కొట్లాటల సంగతి మరీ వేరు అని ఆ బానర్లే మనకు నేర్పాయి.

ఆ మూడూ వేరు కావనీ, ఒకే రేవులో నీళ్లు తాగుతాయనీ నా వాదం. సాక్ష్యం కోసం జెనీవా దాకా పోనక్కరలేదు. ఒంగోలు నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే వున్న కొత్తపట్నం తీరాన నిలబడి, అటు ఉత్తరానికీ ఇటు దక్షిణానికీ చూస్తే చాలు.

కొత్తపట్నం అంటే ఇవాళ చాలామందికి సెలవురోజు సముద్రస్నానమూ, ఇసుకలో పిల్లల ఆటలూ గుర్తుకొస్తాయి. కాని 1937 వేసవిలో ఆ వూళ్లో ఒక బడి పెట్టారు. అది చిన్నపిల్లలకు కాదు. దేశంలోని యువకులకు రాజకీయాలూ, అర్థశాస్త్రమూ నేర్పటానికి కాంగ్రెసులోని వామపక్షం వారు పెట్టిన వేసవి పాఠశాల అది. ఆ రోజుల్లో ఆంధ్రదేశంలో ఇటువంటి బడులు ఒక గాలిలా వీచాయి. నిడుబ్రోలులో ఎన్.జి. రంగాగారు రైతుల కోసం నడిపిన విద్యాలయమూ ఆ కోవలోదే. కొత్తపట్నం బడిని ప్రభుత్వం నిషేధించింది. విద్యార్థులు నిషేధాన్ని ధిక్కరించారు. ఆ పైన లాఠీలు మాట్లాడాయి.

నలుగురు కుర్రవాళ్లు ఇసుకలో కూర్చుని పాఠం వింటే దొరతనానికి అంత భయమెందుకు? అర్థశాస్త్రం అంటే చివరికి కష్టం ఎవరిది, ఫలం ఎవరిది అనే లెక్కే కదా! ఆ లెక్క నేర్చినవాడు ఇంటికి వెళ్లి వూరకే కూర్చోడు. ఆ సంగతి పాలకులకు బాగా తెలుసు. ఇవాళ మన సభలకు పోలీసువారు రావటం లేదని కాదు. వస్తారు, కార్లు ఎక్కడ నిలపాలో చూపించి వెళతారు.

ఇక ఉత్తరంగా చూద్దాం. చీరాల దాపున కారంచేడు వుంది. 1985 జులై 16న అక్కడ దళితులు మంచినీళ్లు ముంచుకునే చెరువు దగ్గర తగవు పుట్టింది. మోతుబరుల కుటుంబాలకు చెందిన యువకులు గేదెలకు కుడితి పెట్టిన బకెట్టు కడిగిన మురుగు ఆ నీళ్లలో పడింది. అది తప్పని ఒక దళిత కుర్రవాడు అన్నాడు. అన్నందుకు అతనిమీద చేయి లేచింది. నీళ్లకు వచ్చిన ఒక స్త్రీ బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు, జులై 17న, దళితవాడ మీద దాడి జరిగింది. ఆరుగురు ప్రాణాలు పోయాయి.

పాఠకులు ఆ చెరువుగట్టు మీద ఒక్క నిమిషం ఆగాలని నా మనవి. మంచినీళ్లలో మురుగు కలపవద్దన్న మాట పర్యావరణ దినం నాడు అన్నామనుకోండి, చప్పట్లు కొడతారు, శాలువా కప్పుతారు. అదే మాట ఒక పేదవాడు చెరువుగట్టున అంటే, ఆ వూళ్లో శాంతి లేకుండా పోయింది. తేడా మాటలో లేదు, అన్నవాడి కులంలో వుంది. జూన్ 5, ఫిబ్రవరి 20, సెప్టెంబరు 21 – మూడు తేదీలూ ఆ చెరువు దగ్గర ఒకే పూట కలుసుకున్నాయి. న్యాయం లేనిచోట నీళ్లూ శుభ్రంగా వుండవు, శాంతీ నిలవదు.

బాధితులు వూరు విడిచి చీరాల చేరారు. అక్కడే స్థిరపడ్డారు. వారికి అండగా లేచిన ఉద్యమం నుంచి దళిత మహాసభ పుట్టింది. 1989లో పార్లమెంటు చేసిన అత్యాచారాల నిరోధక చట్టం వెనకవున్న కారణాల్లో కారంచేడు కూడా ఒకటి. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. చెరువు దగ్గర ఎత్తిన బిందె కిందికి దిగటానికి ఇరవై మూడేళ్లు పట్టిందన్నమాట.

వాళ్లు తలదాచుకున్న ఆ చీరాలకు వూరు విడవటం కొత్త కాదు. 1919లో ప్రభుత్వం చీరాల, పేరాలను కలిపి మునిసిపాలిటీ చేసింది. పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. నేతపని మీద బతికే సామాన్యులు అంత పన్ను ఎక్కడినుంచి తెస్తారు? దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు నాయకులయ్యారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చిన ఆ మనిషి రామదండు అనే సేవాదళాన్ని కూర్చి, పాటలతో, మాటలతో వూరంతా ఒక్కటి చేశారు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చి, పన్ను కట్టకుండా కష్టాలు ఓర్చుకోవటం ఒక దారి, శాంతంగా వూరు ఖాళీ చేయటం ఇంకొక దారి అని చెప్పారు. జనం రెండోదారి పట్టారు. సుమారు పదిహేను వేల జనాభాలో పదమూడు వేలకు పైగా ఇళ్లకు తాళాలు వేసి, పొలిమేర దాటి, పాకలు వేసుకున్నారు. ఆ పాకల వూరికి రామనగర్ అని పేరు. ఎండా వానా చలీ భరిస్తూ ఇంచుమించు పదకొండు నెలలు వున్నారు.

ఫలితమేమిటని అడుగుతారేమో. గోపాలకృష్ణయ్యగారిని జైలుకు పంపారు. జనం చివరికి తిరిగి ఇళ్లకు వచ్చారు. మునిసిపాలిటీ వుండనే వుంది. లెక్కప్రకారం ఓటమే. అయినా చీరాల పేరు చెప్పగానే ఇవాళ్టికీ తలెత్తుకుంటాం. ఎందుకంటే ఆ సభలో "మేమున్నాం" అన్నవారు మర్నాడు కూడా వున్నారు, పాకలో వున్నారు. 1921లో చీరాలవారు తమంతట తాము, పాటలు పాడుకుంటూ వూరు విడిచారు. 1985లో కారంచేడువారు ప్రాణాలు అరచేత పట్టుకుని విడిచారు. ఈ రెండు ప్రయాణాలనూ పక్కపక్కన పెట్టి చదవందే మా సీమ చరిత్ర అర్థం కాదు. పరాయి దొరతనం మీద ఒక్కటైన మనం, మన వూరి చెరువు దగ్గర ఒక్కటి కాలేకపోయాం.

ఇప్పుడు దక్షిణంగా చూడండి. నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరాస్యత ఉద్యమం మొదలయింది. దూబగుంటలో కూలినాలి చేసుకునే ఆడవాళ్లు రాత్రిపూట పలకా బలపం పట్టారు. వాళ్ల వాచకంలో సారా వల్ల సంసారాలు గుల్లయ్యే సంగతి పాఠంగా వుంది. చదివారు. "ఇది మన కథే గదా" అనుకున్నారు. కూడి వెళ్లి తమ వూళ్లో సారా అమ్మకం ఆపించారు. దూబగుంట రోశమ్మగారి పేరు రాష్ట్రమంతా మోగింది. 1992లో వూరూరా ఆడవాళ్లు సారా వేలంపాటలకు అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. దాన్ని 1997లో సడలించారన్నది వేరే కథ.

కొత్తపట్నంలో దొరతనం బడిని మూయించింది. దూబగుంటలో సర్కారే బడి పెట్టింది. ఆ బడి సర్కారు ఆదాయానికే ఎసరు పెట్టింది! రెండింటిలోనూ కీలకం ఒకటే. విన్నవారు అది తమ సంగతి అనుకున్నారు. మన సభల్లో మాత్రం చెప్పేవాడూ, వినేవాడూ, టీ పోసేవాడూ – అందరూ అది ఇంకెవరి సంగతో అనుకుంటారు.

మళ్లీ కొత్తపట్నం ఇసుకలోకి వద్దాం. మన సంగతి అనుకోవలసింది ఇక్కడే వుంది. ఈ తీరపు రైతుల పాత విద్య ఒకటి వుంది – దొరువు. ఇసుకలో కొద్ది అడుగుల లోతున గొయ్యి తవ్వితే మంచినీళ్లు వూరుతాయి. రైతు రెండు చేతులా రెండు కుండలు పట్టుకుని దిగి, ముంచి, మొక్కమొక్కకూ పోసుకుంటాడు. సముద్రం పక్కనే తీపినీళ్లేమిటని పట్నవాసులు ఆశ్చర్యపోతారు. వాననీళ్లు ఇసుకలో ఇంకి, అడుగునున్న వుప్పునీళ్ల మీద తేలి నిలుస్తాయి. తీపినీళ్లు తేలిక గదా. కుండతో ముంచినంతకాలం ఆ పొర చెదరదు. మోటారు పెట్టి అతిగా తోడితే వుప్పు పైకి లేస్తుంది. పక్కన వుప్పునీళ్లు నిలవ చేసినా అది ఇసుకలోంచి పాకుతుంది.

1990 ప్రాంతాల నుంచి కోస్తా పొడుగునా రొయ్యల చెరువులు లేచాయి. తమిళనాడులో గాంధేయవాది ఎస్. జగన్నాథన్‌గారు పేద రైతులనూ, కూలీలనూ కూడగట్టి సుప్రీంకోర్టుకెక్కారు. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది: సంప్రదాయ పద్ధతివి తప్ప, తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులు తీసివేయాలనీ, పంటపొలాలనూ వుప్పుమళ్లనూ రొయ్యల చెరువులుగా మార్చరాదనీ. తరువాత 2005లో పార్లమెంటు వేరే చట్టం చేసి, ఈ సాగును రిజిస్ట్రేషను చేయించుకుని నడుపుకోవచ్చునంది. రొయ్యను తిట్టటం నా ఉద్దేశం కాదు. అది పరదేశాలకు పోయి డబ్బు తెస్తుంది. ఎందరికో కూడు పెడుతుంది. ఎవరి చెరువులోని వుప్పు ఎవరి దొరువులోకి పోతోందో, ఆ సంగతి చెప్పగల ధైర్యం దొరువువాడికి వుందో లేదో – ఇంతే నా ప్రశ్న. కారంచేడు చెరువు నేర్పిన పాఠమే ఇదీను.

కాబట్టి ఈ సభలు మానమనను. నలుగురు ఒకచోట చేరటమే ఈ రోజుల్లో గొప్ప. కాకపోతే వందన సమర్పణకు ముందు మూడు ప్రశ్నలు అడిగి జవాబులు ఒక పుస్తకంలో రాసి పెట్టమంటాను. మన వూళ్లో ఎవరి నీళ్లు చెడుతున్నాయి? వాళ్లు ఈ సభలో ఎక్కడ కూర్చున్నారు – కుర్చీలోనా, షామియానా బయటనా, అసలు వచ్చారా? వాళ్లు లేచి నిజం చెబితే రేపు వాళ్ల పని వూడుతుందా, వుంటుందా? మొదటిది పర్యావరణం, రెండోది న్యాయం, మూడోది శాంతి. ఇంత పెద్ద మాటలు కొత్తపట్నంలో ఎవరూ వాడరు. "నీళ్లు చప్పగా వున్నాయా? మా మాట వింటారా? తగవు లేకుండా పోతుందా?" అంటారు. అర్థం అదే.

వచ్చే సభలో మొదట ఆ పుస్తకం తీసి చదవాలి. పోయినసారి ఏమనుకున్నాం, ఎవరు చేస్తామన్నారు, ఏమయింది? ఇది చదివాకే పుష్పగుచ్ఛాలు. సభకు వెళ్లి వచ్చిన మగవారిని ఇళ్లలో ఆడవారు "ఎంతమంది వచ్చారు?" అని కాక, "ఏం చేస్తామని వచ్చారు?" అని అడిగితే సగంపని అయినట్టే. దూబగుంటలో అడిగింది వాళ్లే గదా!

ఇక వచ్చే జూన్ 5న మీ వూళ్లో సభ అంటే, అద్దె షామియానా వద్దనండి. అయిదేళ్ల కిందట మంత్రిగారో, కలెక్టరుగారో నాటిన మొక్క దగ్గర పెట్టమనండి. మొక్క బతికివుంటే నీడలో కూర్చోవచ్చు. లేకపోతే ఎండలోనే కూర్చుని, అది ఎందుకు చచ్చిపోయిందో మాట్లాడుకోవచ్చు.